అస్సీసీ క్లారా చరిత్రము

ఇటలీ దేశపు నడిమి భాగమున, ఉంబ్రియా మండలమందు, ఒక కొండవాలున అస్సీసీ యను పట్టణము కలదు. అందు 1193వ లేక 1194వ సంవత్సరమున ఫవరోనె యను ప్రభువంశీయునకును ఓర్తొలానా యను సాధ్వికిని క్లారా జన్మించెను. ఫ్రాన్సిసు సాధువు పేరెఱిగినవారు మనలో పలువురు కలరు గాని, వారు సైతము ఈమెను ఆయన శిష్యురాలని మాత్రమే వినియుందురు. శిష్యురాలగుట నిజమే. ఆమెయు తన్ను దాను ఆయన నాటిన చిన్న మొక్కయని చెప్పుకొనెడిది. కాని గురువు 1226లో గతించిన పిదప 27 సంవత్సరములు బ్రతికి, ఆయన యనుచరులే పలువురు సడలించుకొన్న వ్రతమును విడువక పట్టిన స్త్రీని శిష్యురాలని మాత్రము చెప్పి యూరకుండుట న్యాయము గాదు. తన్ను బిడ్డవలె నాదరించిన పోపులతోనే ఆమె వాదమాడవలసి వచ్చెను. వారు భూములిత్తుమనిరి, ఈమె వలదనెను. ఈ వ్యాసమున ముఖ్యముగా జెప్పదలచినది ఆ వాదమును గూర్చియే.

ఆ కాలపు అస్సీసీ ప్రశాంతమైన పుణ్యక్షేత్రమని చదువరులు తలంపరాదు. 1198లో పట్టణప్రజలు కొండమీది చక్రవర్తి కోటను పడగొట్టిరి. అటుపిమ్మట ప్రభువుల మీదికి లేచి వారి మేడలను ధ్వంసము చేయగా, ఆ కుటుంబములు పెక్కు పొరుగుననున్న పెరూజియా పట్టణమునకు పాఱిపోయెను. క్లారా బాల్యమున కొంతభాగము ఆ పరవాసముననే గడచెను. 1202లో ఆ రెండు పట్టణములకును కొల్లెస్ట్రాదా వద్ద యుద్ధము జరిగినపుడు అస్సీసీ పక్షమున బోరాడి చెఱపడినవారిలో, బట్టల వర్తకుడైన పియెత్రో బెర్నార్దోనె కుమారుడు ఫ్రాన్సిసు కూడ నుండెను. అనగా ఈ గురుశిష్యులిరువురును పుట్టుకచేత పరస్పరము పగగొన్న రెండు వర్గములకు జెందినవారు. 1210లో పెద్దలకును సామాన్యులకును ఒడంబడిక జరిగిన పిదప పట్టణము కొంత కుదుటబడెను. ఫవరోనె కుటుంబము మరల సాన్ రుఫీనో ప్రధానదేవాలయము ప్రక్కనున్న తమ యింట గౌరవముతో నివసించుచుండెను. ఆ వంశమున వీరపదవి వహించినవారే యేడుగురుండిరట.

ఈ సంగతులు మనకింత వివరముగ దెలియుటకు ఒక కారణము కలదు. క్లారా మరణించిన కొలది మాసములకే, 1253 నవంబరులో, స్పొలేతో బిషప్పు ఆమెతో గూడ నివసించిన సోదరీమణులను, ఆమెను చిన్ననాటినుండి యెఱిగిన పట్టణవాసులను ప్రమాణముమీద విచారించి వారి మాటలను వ్రాయించెను. ఆ సాక్ష్యపు ప్రతి యొకటి, ఉంబ్రియా ప్రజల వాడుకభాషలో నున్నది, 1920లో ఫ్లారెన్సు నగరమున బయల్పడినది. భక్తులు తరువాత కల్పించిన అలంకారములకంటె ఈ సామాన్యుల మాటలే నాకెక్కువ విలువైనవిగ దోచుచున్నవి. ఆ యింట గాపున్న జియొవన్ని యను భటుడు, ఆ గృహపు వ్యయము పట్టణమున మిక్కిలి గొప్పదనియు, అయినను ఆ బాలిక తనకు బెట్టిన పదార్థములను దాచి పేదలకు బంపుచుండెననియు జెప్పెను. ఆమెను పెండ్లాడగోరి పలుమాఱులడిగిన పెద్దమనుష్యుడు ఒకడును సాక్ష్యమిచ్చెను. ఆమె యొప్పుకొనకపోవుటయే గాక, తిరిగి ఆయనకే వైరాగ్యమును బోధించెనట! 40 ఏండ్ల పిమ్మట ఆ ముచ్చటను విచారణకర్తల యెదుట జెప్పునపుడు ఆ వృద్ధుని మొగమెట్లుండెనో గాని, వ్రాతలో ఫిర్యాదు మాత్రము కనబడదు.

వివాహమునకు బంధువులు తొందరపెట్టుచుండగా క్లారా ఫ్రాన్సిసు బోధలు వినెను. అప్పటికాయన తండ్రి సొమ్మును, ఒంటిమీది బట్టలను సైతము బిషప్పు యెదుట విడిచి, తోటివారితో గూడి కూలిచేసియు బిచ్చమెత్తియు బ్రతుకుచుండెను. క్లారా బోనా యను చెలికత్తెను వెంటబెట్టుకొని, ఇంటివారికి దెలియకుండ బోయి, ఆయనతో పలుమాఱులు మాటలాడెను. 1212వ సంవత్సరమున (1211 అని చెప్పువారును కలరు) మట్టల ఆదివారమునాడు ఆమె మంచి బట్టలు కట్టుకొని తల్లితో గుడికి వచ్చెను. అందఱును లేచి మట్టలు తీసికొనుచుండ, ఈమె కదలక తన చోటనే నిలిచియుండెను. బిషప్పు మెట్లు దిగి వచ్చి ఆమె చేతిలో మట్ట నుంచెను. రాత్రి జరుగబోవునది ఆయనకు ముందే తెలియునని కొందఱి యూహ.

ఆ రాత్రి ఆమె వీధివాకిలి విడిచి, ఎవరును వాడని మఱియొక ద్వారము కడకు బోయెను. దానికి బరువైన దూలములు అడ్డుపెట్టియుండెను. ఆ యింటనే యుండిన బంధువుల పిల్ల యొకతె, తరువాత తానును క్లారావద్ద జేరి సన్యాసినియై, ఆ దూలములను ఒంటరిగ నెట్లు తొలగించెనో యని మఱునాడు అందఱును విస్మయమందిరని సాక్ష్యమిచ్చినది. క్లారా పట్టణము వెలుపలి పల్లమున నున్న పోర్సియుంకులా యను చిన్న గుడికి బోయెను. అచ్చట ఫ్రాన్సిసును సోదరులును దివిటీలతో నెదురుచూచుచుండిరి. ఆయన తన చేతులతో ఆమె జుట్టు కత్తిరించి ముతకబట్ట కట్టబెట్టెను. అప్పటికామెకు 18 ఏండ్ల ప్రాయము.

ఆ రాత్రియే ఆమెను సాన్ పావొలో యను సన్యాసినుల మఠమునకు జేర్చిరి. బంధువులు వచ్చి మొదట మంచిమాటలతోను, పిమ్మట బెదరింపులతోను ఇంటికి రమ్మనిరి. ఆమె బలిపీఠము మీది వస్త్రమును చేత బట్టుకొని, ముసుగు తీసి, కత్తిరించిన తలను వారికి జూపెను. వారు చేయునది లేక మరలిపోయిరి. బలవంతపు శిరోముండనము స్త్రీలకేమి చేసినదో మన దేశచరిత్రమున జదివినవారికి ఈ ఘట్టము వింతగ దోచకమానదు. అస్సీసీలో నొక కన్య తాను కోరి చేయించుకొన్న ఆ ముండనమే ఆమెను బలాత్కారమునుండి కాపాడెను.

కొలది దినములలోనే ఆమె చెల్లెలు కాతరీనాయు ఇల్లు విడిచి అక్కను జేరెను. ఈ మాఱు పినతండ్రి మొనాల్దో పండ్రెండుగురు మనుష్యులతో వచ్చి, ఆ పిల్లను కొట్టి, జుట్టు పట్టి కొండదారి వెంబడి నీడ్చుకొనిపోయెను. నడిదారిని ఆమె శరీరము సీసమువలె బరువెక్కి కదలదయ్యెనని కథ. అద్భుతమును నమ్మువారు నమ్ముదురు. నమ్మనివారు సైతము ఒక్క యాడపిల్లను లొంగదీయుటకు పండ్రెండుగురు పురుషులు చాలకపోయిరను సంగతి నొప్పుకొనవలసినదే. ఫ్రాన్సిసు ఈ పిల్లకు ఆగ్నెసు అని పేరుపెట్టెను. తరువాత మఱియొక చెల్లెలు బియాత్రిచెయు, తుదకు తల్లి ఓర్తొలానాయు అక్కడికే వచ్చిరి.

బంధువుల యాగ్రహమునకు కుమార్తె పోవుట యొక్కటే కారణము గాదు. క్లారా తనకు రావలసిన వాటాను అమ్మివేసెను. అమ్మకము తప్పదని తెలిసి బంధువులు తామే యెక్కువ వెల యిచ్చి కొందుమనిరి. ఆమె వారికమ్మక, ఇతరులకమ్మి, వచ్చిన సొమ్మును పేదలకు బంచెను. వంశపు భూమి వంశముననే యుండవలెనను నియమమును ఒక యువతి ఇట్లు తెగద్రెంచుట వారికి చావుతో సమానమైన యవమానము. ఆ కాలపు ప్రభువుల కుమార్తెకు రెండే దారులు: వివాహము, మఠము. రెంటికిని కట్నము కావలెను. మఠములో జేరు కన్య పొలమో, రొక్కమో తెచ్చెడిది. అట్లు కూడిన భూములు, తిరుగళ్లు, శిస్తులు మఠమును పోషించెడివి. భూమి యున్నచోట కౌలుదారులుందురు, కౌలుదారులున్నచోట తగవులుండును, తగవులున్నచోట రక్షకుడైన ప్రభువు కావలెను, ఆ ప్రభువు తన కుమార్తెలను ఆ మఠమునకే పంపును. పేదయింటి పిల్ల యందు జేరినను పనికత్తెగనే చేరవలెను. క్లారా ఈ ముడిని బాగుగ నెఱిగినది. భూమి వలదనుటలో ఆమె కేవలము తన సుఖమును విడిచినది గాదు. మఠపు ద్వారమునకు వెల లేకుండ జేసినది.

పట్టణపు గోడల వెలుపల సాన్ దమియానో యను శిథిలాలయము కలదు. ఫ్రాన్సిసు మొదట తన చేతులతో మరమ్మతు చేసినది అదియే. క్లారా అచ్చట స్థిరపడి, తుదివఱకు, ఇంచుమించు 41 ఏండ్లు, ఆ చోటు విడువలేదు. కొలదికాలమునకే అధ్యక్షత వహింపవలసి వచ్చినను ఆమె పెత్తనము వింతగా నుండెను. బయటినుండి బిచ్చమెత్తి వచ్చిన సోదరీమణుల కాళ్లు తానే కడిగెడిది. ఒకనాడట్లు కడిగి ముద్దిడబోగా, ఆ సోదరి సిగ్గుపడి కాలు వెనుకకు లాగుకొనుటలో అది క్లారా నోటికి తగిలెను. ఆమె మరల ఆ కాలిని మెల్లగ బట్టుకొని ముద్దిడి విడిచెను. చలిరాత్రులందు లేచి, నిద్రించువారిమీద దుప్పటి సరిచేసెడిది. 28 ఏండ్లకు తక్కువ గాని కాలము వ్యాధిపీడితయై మంచము పట్టియుండియు, వెనుక దిండ్లు పెట్టించుకొని కూర్చుండి సన్నని నూలు వడకి, చుట్టుపట్ల గుళ్ల బలిపీఠములకు వస్త్రములు సిద్ధముచేయించెను.

ఇక వాదము సంగతి. 1215లో రోమున గూడిన మహాసభ క్రొత్త సన్యాసనియమములు కల్పింపరాదని శాసించెను. కావున సాన్ దమియానో స్త్రీలు పేరునకైన పాత బెనెడిక్టు నియమము నంగీకరింపవలసి వచ్చెను. అది మఠమునకు ఆస్తి యుండుటను సహజముగ నెంచునది. ఉగొలీనో యను కార్డినలు 1227లో తొమ్మిదవ గ్రెగొరీ పోపయ్యెను. ఆయన క్లారాయెడ నిండుగౌరవము గలవాడు. 1228లో ఫ్రాన్సిసును పునీతుడని ప్రకటించుటకు అస్సీసీకి వచ్చినపుడు, కాలము మంచిది గాదు, లోకము నమ్మదగినది గాదు, కొంత ఆస్తి స్వీకరింపుమని ఆమెను బ్రతిమాలెను. ప్రతిజ్ఞాభంగమునకు వెఱతువేని ఆ ప్రతిజ్ఞనుండి నిన్ను విడుదల చేసెదననెను. పాపములనుండి విడుదల కావలెను గాని క్రీస్తు ననుసరించుటనుండి విడుదల తనకెన్నడును వలదని ఆమె బదులుచెప్పెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదిన పోపు ఒక పత్రమిచ్చెను. ఆస్తి గైకొనుమని వారిని ఎవ్వరును నిర్బంధింపరాదని దాని సారాంశము. ఆ కాలమున మఠములు పోపువద్ద అధికారపత్రములు తెచ్చుకొనుట పన్నులు తప్పించుకొనుటకు, హక్కులు పెంచుకొనుటకు. ఏమియు లేకుండుటయే హక్కుగా నడిగి తెచ్చుకొన్న పత్రమిది!

రెండేండ్లకే మఱియొక చిక్కు కలిగెను. 1230లో అదే పోపు, తన యనుమతి లేనిదే ఫ్రాన్సిసు సోదరులు సన్యాసినుల మఠములకు బోరాదని యుత్తరువు చేసెను. సాన్ దమియానోకు ఇరుతెగల సోదరులు వచ్చెడివారు: బోధచేయువారు కొందఱు, ఊరిలో బిచ్చమెత్తి రొట్టె తెచ్చువారు కొందఱు. బోధకులను మాన్పిరని విన్నంతనే క్లారా రొట్టె తెచ్చువారిని గూడ వెనుకకు బంపివేసెను. ఆత్మకు ఆహారమిచ్చువారిని తీసివేసిన పిదప శరీరమునకు ఆహారము తెచ్చువారు మాత్రమెందులకని ఆమె భావము. ఒక్క కేక లేదు, ఒక్క నిందావాక్యము లేదు. మఠమంతయు పస్తుండుటకు సిద్ధమయ్యెను. సమాచారము చేరినతోడనే పోపు ఆ నిషేధమును సోదరుల పెద్ద చేతికప్పగించి తాను తప్పుకొనెను. ఉపవాసము నాయుధముగ జేసికొన్న పోరాటములు మన దేశమున ప్రసిద్ధములు. 1230లో ఒక స్త్రీసంఘము దానిని ప్రయోగించి గెలిచినదని యెఱిగినవారు తక్కువ.

ఆమె మాట ఆల్ప్సు పర్వతముల కావలికిని ప్రాకెను. బొహీమియా రాజగు మొదటి ఒట్టొకారు కుమార్తె ఆగ్నెసు, రెండవ ఫ్రెడరిక్కు చక్రవర్తి సంబంధమును సైతము కాదని, 1234లో ప్రాగు నగరమున తాను కట్టించిన మఠమున బ్రవేశించెను. క్లారా ఆమెకు వ్రాసిన నాలుగు లేఖలు నిలిచియున్నవి. ప్రాగులోని వైద్యశాల యాస్తిని ఆ మఠమునకు ముడిపెట్టవలెనని పోపు చూచుచుండెను. అప్పుడు క్లారా వ్రాసిన మాట గమనింపదగినది. మన వ్రతమునకు విరుద్ధమైన సలహా యెవరు చెప్పినను, వారిని గౌరవింపుము గాని ఆ సలహాను పాటింపకుము అని దాని తాత్పర్యము. ఆ ‘యెవరు’ అనునది ఎవరో ఆగ్నెసునకు దెలియును, మనకును దెలియును. రాజపుత్రి ఆ యాస్తిని వదలుకొని 1238లో తానును ఆస్తి లేకుండు హక్కును సంపాదించెను.

ఇంత చెప్పిన పిదప ఆమె జీవితమున మనకు రుచింపని విషయములను దాచుట తగదు. మొదటి దినములలో ఆమె వారమున మూడు దినములు ఏమియు దినకుండెడిది. తుదకు ఫ్రాన్సిసును బిషప్పును కలసి, దినమునకు ఒకటిన్నర ఔన్సు రొట్టెయైన దినవలసినదని యాజ్ఞాపించిరి. దీర్ఘవ్యాధికి ఈ కృశింపజేయుటయే కారణమని తలంచుటలో తప్పులేదు. ఆమెయే తరువాత ఆగ్నెసునకు వ్రాయుచు, మన శరీరము కంచు గాదు, మన బలము రాతిబలము గాదు, ఉపవాసమును తగ్గించుకొనుమని హితవు చెప్పెను. తాననుభవించినది ఇతరులకు తప్పింపజూచుట పెద్దల లక్షణము. ఆమె నియమావళిలో చదువురానివారు చదువు నేర్చుకొనుటకు ఆతురపడరాదని యొక మాట కలదు. ఫ్రాన్సిసు నియమమునుండి తెచ్చుకొన్న యా మాటను, లాటిను లేఖలు అంత సొగసుగ జెప్పిన స్త్రీ తన సోదరీమణుల విషయమున నిలుపుట విచారకరము. ఇక నాలుగు గోడల సంగతి. ఫ్రాన్సిసు సోదరులు దేశదేశములు తిరిగిరి. అదే వ్రతమును బూనిన స్త్రీలను మాత్రము శాసనము గడప దాటనీయలేదు. క్లారా దీనిని పూర్తిగ నెదిరింపలేదు. కాని తన నియమావళిలో, ప్రయోజనకరమును యుక్తమునైన కారణమున్నయెడల వెలుపలికి బోవచ్చునని కొంత సందు విడిచెను.

ఆ నియమావళి ఆమె జీవితపు తుదిపని. 1247లో నాలుగవ ఇన్నొసెంటు పోపు సన్యాసినులందఱకు నొక నియమమును పంపెను. అందు మఠమునకు ఉమ్మడియాస్తి యుండవచ్చునని స్పష్టముగ నుండెను. అది యామె కంగీకారము గాలేదు. మంచముమీదనే తన నియమమును తాను సిద్ధముచేసికొనెను. క్రైస్తవ మఠముల చరిత్రలో స్త్రీలకొఱకు స్త్రీయే వ్రాసి, పోపుచే నామోదింపబడిన నియమావళులలో నిది మొదటిది. మఠమునకు ఏకాంతము కొఱకు వలసినంత నేల తప్ప వేఱు భూమి యుండరాదు. ఆ నేలను సైతము సోదరీమణుల యవసరమునకు కూరతోటగ తప్ప సాగుచేయరాదు. చేరవచ్చు కన్య తన సొత్తును పేదలకు బంచుకొనవలెను. ఆ పంపకమున మఠమువారు జోక్యము చేసికొనరాదు. అధ్యక్షురాలిని సోదరీమణులే యెన్నుకొందురు. ఆమె పనికిరాదని తోచిన మఱియొకతెను త్వరగ నెన్నుకొనవలెను. వారమున కొకసారియైన అందఱను గూర్చి మఠపు మంచిచెడులు విచారింపవలెను. ఏలయన తఱచుగ అందఱిలో చిన్నదానికే దేవుడు మేలైన దారి తెలుపును. అందఱి సమ్మతి లేక అప్పుచేయరాదు. 13వ శతాబ్దమున, రాజులు సభల నొల్లని కాలమున, మోటుబట్టలు కట్టిన కొందఱు స్త్రీలు ఒక పాడుగుడిలో ఇట్లు తమ్ము దాము పాలించుకొనిరి.

1252 సెప్టెంబరులో కార్డినలు రైనాల్దో ఈ నియమావళి నామోదించెను. క్లారాకది చాలలేదు, పోపు ముద్రయే కావలెననెను. 1253 వేసవిలో ఆమెకు అవసానకాలము సమీపించెను. ఫ్రాన్సిసు తొలి సహచరులు, లియో, ఆంజెలో, జునిపెరో, వచ్చి మంచముచుట్టు గూర్చుండిరి. ఇన్నొసెంటు పోపు స్వయముగ వచ్చి చూచెను. ఆగస్టు 9వ తేదిన ఆజ్ఞాపత్రము సిద్ధమయ్యెను. తొందరలో మామూలు లేఖకుల విధులన్నియు దాటి, కోరినట్లే యగుగాక యని పోపు తన చేతితోనే దానిపై వ్రాసెను. ఆ పత్రమును ఆమె చేతబట్టుకొని పలుమాఱులు ముద్దుపెట్టుకొనెనని దానిమీదనే యొకరు లిఖించియున్నారు. రెండు దినములకు, 11వ తేదిన, ఆమె కన్నుమూసెను. 1255లో ఆమెను పునీతగా బ్రకటించిరి.

అయినను గెలుపు చిరకాలము నిలువలేదు. 1260లో సోదరీమణులు సాన్ దమియానో విడిచి పట్టణపు గోడలలోని క్రొత్త మఠమునకు బోయిరి. 1263లో నాలుగవ అర్బను పోపు మఱియొక నియమమును ప్రకటించి, సన్యాసినుల సంఘమునకు క్లారా పేరే పెట్టి, ఆమె తుదివఱకు వలదన్న ఆస్తిని ఆ పేరుతోనే పలుమఠములకు అనుమతించెను. 15వ శతాబ్దమున ఫ్రాన్సులో కోలెత్తు అను సన్యాసిని పాత నియమమును మరల నాచరణలోనికి దెచ్చెను. మూలపత్రము మాత్రము ఎచ్చట నున్నదో శతాబ్దములు ఎవరికిని దెలియలేదు. 1893లో అస్సీసీ మఠమున క్లారా వస్త్రములను దాచిన చోట వెదకగా, ఆమె దుస్తుల మడతలలో, పోపు వ్రాతతోడను, ముద్దులను గూర్చిన ఆ వాక్యముతోడను, తోలుకాగితము చెక్కుచెదరక దొరకెను.